ఎల్-వన్ మాహాత్మ్యము

హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపూరు రాళ్లగుట్టల నడుమ, 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిననాటినుండి, ఆ ప్రాంతమును చూడవచ్చిన ప్రతి అతిథియు అద్దాల మేడలను చూచి అబ్బురపడుచున్నాడే కాని, ఆ మేడల ముందరి రోడ్డును, రోడ్డు మీది దీపమును, దీపము క్రింది మురుగుకాలువ మూతను ఎవరు, ఎవరివద్ద, ఏ ధరకు కొనిరో విచారించిన పాపమున పోలేదు. విచారింపకుండుటయే మర్యాద. అయినను ఆ మూతకు ఒక ఫైలు కలదు. ఆ ఫైలును మోయుటకు ఒక సూపరింటెండెంటు కలడు. కంప్యూటరు విద్యలో కోట్లు గడించినవారిని గూర్చి వ్రాయుటకు వేయి కలములున్నవి గనుక, ఈ వారము ఆయనను గూర్చి వ్రాయదలచితిని.

ప్రభుత్వపు కొనుగోళ్ల విభాగములో సూపరింటెండెంటు అనగా, క్రింది గుమాస్తా వ్రాసినదానిని తాను చదివినట్లును, పై అధికారి చదువనిదానిని తాను వినిపించినట్లును ఏకకాలమున సాక్ష్యము చెప్పు ఉద్యోగి. వస్తువును ఎన్నుకొను అధికారము ఆయనకు లేదు. ధర నిర్ణయించు అధికారము లేదు. వచ్చిన సరుకును విప్పి చూచు అవకాశమును లేదు. ఈ మూడును లేకపోవుటచేతనే ఆయన సంతకమునకు అంత విలువ. పని బెడిసికొట్టినపుడు సంజాయిషీ ఎవరిని అడుగవలెనను చిక్కు రాకుండ సర్కారు ముందుగానే చేసికొన్న ఏర్పాటే ఆయన. గచ్చిబౌలి దాపున ఒక కార్యాలయములో ఈ పదవిని అలంకరించియున్న మిత్రుడొకడు నాకు కలడు. ఆయన పేరును, శాఖను చెప్పను. పదవీ విరమణ దగ్గరపడినది, పెన్షను కాగితములు ఇంకను కదలవలసియున్నవి.

ఆయన కొలువులో చేరిన కాలమున టెండరు పెట్టె యుండెడిది. ఇనుప పెట్టె, దానికి తాళము, తాళముపై లక్కముద్ర, ప్రక్కన ఒక బంట్రోతు: ఇంతవరకు అంతయు శాస్త్రోక్తమే. కాని ఆ పెట్టెవద్దకు పోవు మెట్లమీద, కార్యాలయముతో ఏ సంబంధమును లేని కొందరు బలిష్ఠులు ఉదయముననే వచ్చి కూర్చుండి, రింగులో చేరని గుత్తేదారు కనబడినచో వాని ఆరోగ్యమును గూర్చియు, ఆలుబిడ్డల క్షేమమును గూర్చియు ఎంతో శ్రద్ధగా కుశలప్రశ్నలు వేసెడివారు. టెండరు ఫారమగు షెడ్యూలును కొనబోయినవానికి షెడ్యూళ్లు అయిపోయినవనియు, అమ్మవలసిన గుమాస్తా సెలవులో నున్నాడనియు, ఆ గుమాస్తాయే స్వయముగా చెప్పెడివాడు. రింగులోనివారు ముందురాత్రి ఒక హోటలు గదిలో చేరి, ఈ పని ఎవరిదో తేల్చుకొని, తప్పుకొన్నవారికి ‘గుడ్‌విల్’ పంచి, మరునాడు పోటీ నటించుటకై ఇస్త్రీ బట్టలతో వచ్చెడివారు. ఆ నటనయందు కొందరికి ఎంతటి నిష్ఠ యనగా, ఓడుటకు వ్రాసిన ధరను సైతము కొట్టివేసి, దిద్ది, మరికొంచెము పెంచెడివారట.

2003 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ-ప్రొక్యూర్‌మెంటు వేదికను నెలకొల్పి టెండర్లను కంప్యూటరులోనికి మార్చినది. న్యాయముగా చెప్పవలెనన్న అది చిన్న మేలు కాదు. ఇంట కూర్చుండి, డిజిటల్ సంతకముతో, అర్ధరాత్రియైనను టెండరు దాఖలు చేయగలవాని మోకాలిచిప్పలకు ఏ మెట్లవలనను భయము లేదు. షెడ్యూళ్లు అయిపోవుట అను వ్యాధి దానితో మాయమైనది. మెట్లమీది బలిష్ఠులు నిరుద్యోగులైరి. వారిలో తెలివైనవారు తామే గుత్తేదారులుగా రిజిస్టరు చేయించుకొనిరని నా మిత్రుడు చెప్పును. అతిశయోక్తి కావచ్చును, కాకపోవచ్చును.

అయితే ఆ యంత్రము కాపలా కాచినది టెండరు జీవితములో ఒక్క ఘడియను మాత్రమే, అనగా దాఖలు చేయుటకును తెరచుటకును నడిమి ఘడియను. దానికి ముందు అంచనాయు అర్హతా నిబంధనలును, దానికి వెనుక కొలతలును బిల్లులును ఎప్పటివలెనే మనుష్యుల చేతులలో మిగిలినవి. నేర్పరులు ఘడియను విడిచి, ముందునకు కొందరు, వెనుకకు కొందరు జరిగిరి. ఇటువంటి పని ఇదివరకు చేసియుండవలెను, ఇంత టర్నోవరు చూపవలెను అను నియమములు సహేతుకములే. కాని ఆ వరుసలో ఎచ్చటనో ‘యంత్రము ఎత్తు సరిగా 1,143 మిల్లీమీటర్లు’ అను పంక్తి తలయెత్తినచో, అది కాలు కొలిచి కుట్టిన చెప్పు. ఆ కాలు ఎవరిదో సూపరింటెండెంటునకు తెలియును, తెలియదని సంతకము చేయును. నా మిత్రుడు ఒకమారు యౌవనోద్రేకమున “ఈ చివరి మూడు మిల్లీమీటర్లు ఎందులకు?” అని కొర్రీ పెట్టెను. ఫైలు మూడు బల్లలు తిరిగి, ‘సాంకేతిక కమిటీ నిర్ణయము’ అను చీటీతో వెనుకకు వచ్చినది. చీటీ క్రింది సభ్యుల పట్టికను చదువగా, ఆ కమిటీలో తానును సభ్యుడనని ఆయనకు అప్పుడు తెలిసినది.

ఇక వెనుకకు జరిగినవారి విద్య ‘లెస్సు’, అనగా అంచనాకన్న తక్కువకు పని ఒప్పుకొనుట. 2003 జూలై 1వ తేదీ నాటి 94వ నంబరు జీవో ప్రకారము పనుల టెండర్లలో అంచనాపై 5 శాతమునకు మించి ఎక్సెస్ కోరరాదని, 25 శాతమునకు మించి లెస్సు వేయరాదని, పలువురు ఆ 25 శాతపు అంచునే నిలిచినచో లాటరీ యని నాడు నియమము. రేట్ల పట్టికలు తిరుగవేసి ఇంజనీరు కట్టిన అంచనాలో నాల్గవ వంతు తీసివేసినను పని సలక్షణముగా జరుగునని పదిమంది గుత్తేదారులు ముక్తకంఠముతో పలికినపుడు, అంచనా అబద్ధమా, పని అబద్ధము కానున్నదా అని అడుగవలసిన చోట, మనవారు చీట్లు మడతపెట్టెడివారు. డిజిటల్ తాళపుచెవులును, సంకేతలిపులును దాటి వచ్చిన టెండరు తుదకు ఒక డబ్బాలో చీటీయై గలగలలాడెడిది. గెలిచినవాడు ఆ నాల్గవ వంతును ఎచ్చట రాబట్టుకొనునో ఎం-బుక్కు అను కొలతల పుస్తకము చెప్పదు, వానకాలము చెప్పును.

చిన్నపనులలో ఇట్లుండగా, పెద్దపనిలో ఈ లెస్సు వేదాంతపు ఎత్తులకు పోయినది. 2008లో హైదరాబాదు మెట్రో రైలునకు టెండర్లు పిలిచినపుడు, ప్రభుత్వమునుండి తక్కువ సాయము కోరినవానిదే పని యని నియమము. తక్కినవారు సాయము కోరగా, మేటాస్ ఇన్‌ఫ్రా నాయకత్వమున వచ్చిన కూటమి తమకు సాయము అక్కరలేదు సరికదా, ఒప్పందకాలములో తామే ఖజానాకు 30,311 కోట్ల రూపాయలు చెల్లింతుమనెను. ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ గారు ఆ సెప్టెంబరులో ప్రణాళికా సంఘమునకు లేఖ వ్రాసి, ఇది రైలుకన్న భూములపై కన్నువేసిన బేరమేమో యని సందేహించిరి. రాష్ట్ర ప్రభుత్వము తక్షణమే మేల్కొని, సందేహించినందులకు ఆయనపై పరువునష్టపు దావా వేయుదునని హెచ్చరించెను. 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన లెక్కలు కల్పితములని తానే వ్రాసి యిచ్చినతోడనే, ఆయన కుటుంబమునకు చెందిన మేటాస్‌కు అప్పు పుట్టక, జూలైలో ఒప్పందము రద్దయ్యెను. మరల పిలిచిన టెండరులో ఎల్ అండ్ టి 1,458 కోట్ల సాయము కోరి ఎల్-వన్, అనగా అందరికన్న తక్కువ కోరినవాడై, 2010 సెప్టెంబరు 4న ఒప్పందము వ్రాసికొనెను. మొదట చెప్పిన అద్దాల మేడల హైటెక్ సిటీకి రైలు 2019 మార్చి 20న చేరినది. ఆ మొదటి దశను, సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పుతో సహా, తామే తీసికొనుటకు తెలంగాణ ప్రభుత్వము 2025 సెప్టెంబరులో సూత్రప్రాయముగా అంగీకరించినది. రావలసిన ముప్పదివేల కోట్లకును, వచ్చిన పదమూడువేల కోట్ల అప్పునకును నడుమ నియమములలో ఏ యొక్కటియు ఉల్లంఘింపబడలేదు. ఎల్-వన్ పట్టికలో ధరకు గడి కలదు. ఇచ్చువాడు ఏల ఇచ్చుచున్నాడను ప్రశ్నకు గడి లేదు.

ఈ సంగతి ఎత్తినపుడెల్ల నా మిత్రుడు కిటికీలోనుండి గోలకొండ వైపు చూచును. అచ్చటి చెరసాలలో నుండిన కంచెర్ల గోపన్నయే తన శాఖకు మూలపురుషుడని ఆయన నమ్మకము. తానీషా ప్రభుత్వమున అక్కన్న మాదన్నల మేనల్లుడై, పాల్వంచ తహసీలుదారై, వసూలుచేసిన శిస్తుతో భద్రాచలమున రామునకు గుడి కట్టించిన గోపన్న పరిపాలనా అనుమతి తీసికొనలేదు, టెండరు పిలువలేదు, మూడు కొటేషన్లైనను సేకరింపలేదు. మేనమామలు మంత్రులైయుండియు చెర తప్పింపలేకపోయిరి. నగల వెలలను ఒక్కొక్కటిగా రామునకే లెక్కచెప్పుచు చెరలో ఆయన పాడిన కీర్తన, నా మిత్రుని దృష్టిలో, తెలుగున మొదటి వినియోగ ధ్రువపత్రము. తుదకు రామలక్ష్మణులు మారువేషములతో రాత్రివేళ వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించిరని కథ. భక్తులు ఇచ్చటికి వచ్చి కన్నీరు పెట్టుకొందురు. నా మిత్రుడు కన్నీరు పెట్టుకొనునది ఆ తరువాతి ఘట్టమునకు: సాక్షాత్తు దేవుడు సైతము రసీదు అడిగి తీసికొనెను! గుడి నాణ్యతను గూర్చి మూడు శతాబ్దులుగా ఎవరును కొర్రీ పెట్టలేదు, తప్పంతయు ఫైలులోనిదే. నేటి పద్ధతిలో ఫైలు నిష్కళంకముగా నుండును.

అట్టి నిష్కళంకమైన ఫైలొకటి నేను కన్నులార చూచితిని. కార్యాలయపు సిబ్బందికి మంచినీటి శుద్ధియంత్రము కావలెనని టెండరు పిలిచిరి. ఎల్-వన్ తేలెను. యంత్రము వచ్చి, నియమము ప్రకారము వరండాలో ‘స్థాపింపబడెను’. దానికి నీటి గొట్టము కలుపుట సివిల్ విభాగపు పని, విద్యుత్తు నిచ్చుట ఎలక్ట్రికల్ విభాగపు పని. టెండరులో ఆ రెండును లేవు. స్థాపన పూర్తియైనదని నా మిత్రుడు సంతకము చేసెను, బిల్లు పాసయ్యెను, సిబ్బంది నాటికిని నేటికిని చిల్లర ఖర్చుల పద్దులో నీటి సీసాలు కొనుక్కొని త్రాగుచున్నారు. మూడేండ్లు గడచినవి. గ్యారంటీ ముగిసినందున వార్షిక నిర్వహణకు మరియొక టెండరు పిలువవలసివచ్చెను. యంత్రము అమ్మిన గుత్తేదారే వచ్చి, తన పనితనమునకు ధ్రువపత్రము కోరెను. నా మిత్రుడు తలవంచుకొని ఏమో గొణిగెను.

“ఏంది సార్, అట్ల ఆలోచిస్తున్నరు?” అనెను గుత్తేదారు. “మిషిన్ ఇచ్చి మూడేండ్లాయె. ఒక్క కంప్లైంటన్న ఉన్నదా మీ రిజిస్టర్ల? ఉంటె చూపియ్యుండ్రి. లేకుంటె రాసియ్యుండ్రి.”

నా మిత్రుడు రిజిస్టరు తెప్పించి, మొదటి పుటనుండి చివరి పుటవరకు ఓపికతో తిరుగవేసెను. ఒక్క ఫిర్యాదును లేదు. వ్రాసియిచ్చెను.