కరెంటు లేనివారికి ముఖ్య గమనిక

కరోనా రోజుల్లో ముచ్చటపడి కొని, ఒక్కసారి వాడి మూలన పెట్టిన కొత్త యంత్రాల ప్లగ్గులు పీకేయండి. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను ముంచుకొస్తుంటే టెక్సస్ జనానికి ట్విటర్‌లో అందిన హితబోధ ఇది. చెప్పింది రాష్ట్ర గ్రిడ్‌ను నడిపే ఎర్కాట్. అంతకు కొద్దిరోజుల ముందు, 9న, ఆ సంస్థ బోర్డు రెండు గంటలకు పైగా సమావేశమైంది. అందులో చలి ప్రస్తావన నిమిషంలోపే ముగిసింది. 2011లోనూ ఇలాగే గడ్డకట్టారు, ప్లాంట్లను చలికి సిద్ధం చేయమని నివేదికలూ వచ్చాయి. పాత ముచ్చటేగా!

ప్లగ్గు పీకడంలో అసలు ఘనులు కరెంటు కంపెనీలవాళ్లే. గ్యాస్‌ను తోసే కంప్రెసర్లకే సరఫరా కోసేశారు. గ్యాస్ అందక ప్లాంట్లు ఆగాయి, ప్లాంట్లు ఆగాయని ఇంకాస్త కోశారు. కంప్రెసర్లవాళ్లు ‘మాది అత్యవసరం’ అని ముందుగా ఫారం నింపి ఇవ్వలేదట! 15 తెల్లవారుజామున ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్ నుంచి 59.3కి జారింది. ఇంకో నాలుగున్నర నిమిషాలు అలాగే ఉంటే గ్రిడ్ మొత్తం కుప్పకూలేది.

కోత వంతులవారీగా ఉంటుందన్నారు. 45 లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలు చీకట్లో పడ్డాయి. చాలామందికి మూడు రోజులైనా వెలుగు వంతు రాలేదు. హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో మనుషుల్లేని ఆఫీసు టవర్లు మాత్రం ధగధగలాడాయి. సర్కారు లెక్కలోనే 246 మంది పోయారు.

ఫ్రిస్కో, ఐర్వింగ్, ఆస్టిన్ శివార్లలో మనవాళ్లు బోలెడుమంది. ఎలక్ట్రిక్ పొయ్యి చల్లబడి, హీటర్ ఆగి, దుప్పట్లన్నీ కప్పుకుని, వాకిట్లో కారు ఆన్ చేసి ఫోను ఛార్జింగ్ పెట్టుకున్నవాళ్లకు తెరమీద కనిపించే గమనిక: నీళ్లు మరగించి తాగండి.

మన ఊళ్లో అయితే లైన్‌మన్‌కు ఫోన్ కొడతాం. “రిపేరు కోసం ఎల్సీ తీసుకున్నాం సార్, గంటలో వచ్చేస్తది” అంటాడు. ఆ గంట మూడు గంటలవుతుంది, కాదనను. అయినా తిట్టుకోవడానికి ఒక మనిషంటూ దొరుకుతాడు.

అక్కడ సెనెటర్ టెడ్ క్రూజ్‌ను వెతికితే మెక్సికోలోని బీచ్ ఊరు కాన్‌కున్‌కు వెళ్లే విమానంలో దొరికారు. కొలరాడో సిటీ అనే చిన్న టెక్సస్ ఊరి మేయర్ టిమ్ బాయిడ్ మాత్రం ఎక్కడికీ పోలేదు. సర్కారు మీకేమీ బాకీ లేదు, మీ తిప్పలు మీరే పడండని ఫేస్‌బుక్‌లో రాశారు. జనం మండిపడ్డాక, పదవిలోంచి తప్పుకున్నానని చెప్పుకున్నారు. ఆ వారమంతా అధికారంలో ఉన్నవాళ్లు చెప్పినవాటిలో జనానికి తికమక లేకుండా అర్థమైంది ఆయన మాటొక్కటే.