నలభై ఒకటో ఏట ముసలితనం నిషేధం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ప్రజలకు శుభవార్త. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టాన్ని మూలకు నెట్టి, 2026 ఏప్రిల్ 1న కొత్త చట్టం గద్దెనెక్కింది. సెక్షన్లు 536కు తగ్గాయి. మామూలు ఆదాయం ఏడాదికి 12 లక్షలు దాటకపోతే పన్ను లేదు, జీతగాడికైతే 12.75 లక్షల దాకా లేదు. ఈ సంతోషం రాజోలి, అమరచింత మగ్గాల వీధులకూ చేరింది. విన్నవాళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ నాడె విసిరారు. నెలకు లక్ష సంపాదించినా పన్ను కట్టనక్కర్లేదట! ఆ కష్టం తమకు తప్పించినందుకు ఢిల్లీకి ఎంత రుణపడాలో వాళ్లకు తెలియలేదు.

ఇన్నేళ్లూ సర్కారు ‘దాచుకో నాయనా, పన్ను తగ్గిస్తా’ అనేది. పీఎఫ్, ఎల్ఐసీ, పిల్లల ట్యూషన్ ఫీజు అన్నీ కలిపి లక్షన్నర దాకా. 2014లో లక్షన్నర దగ్గర కూర్చున్న ఆ పరిమితి మళ్లీ లేవలేదు. ఇప్పుడు ఎవరూ ఏమీ కోరకపోతే వర్తించేది కొత్త పన్ను పద్ధతే. అందులో నువ్వు దాచుకున్నా ఒకటే, తగలేసినా ఒకటే. మార్చి వస్తే నాగర్‌కర్నూల్ స్టాఫ్‌రూముల్లో టిఫిన్ డబ్బాల పక్కనే పాలసీ ఫారాలు పరిచిన ఏజెంట్లకు నా ప్రగాఢ సానుభూతి.

కుటుంబ విలువల సంగతీ చూడాలి. అవిభక్త హిందూ కుటుంబాన్ని చట్టం ఒక మనిషిగా గుర్తిస్తుంది, పాన్ కార్డూ ఇస్తుంది. 12 లక్షల రిబేటు మాత్రం విడి మనుషులకే. ఉమ్మడి కుటుంబానికి 4 లక్షలు దాటగానే పన్ను మొదలు. గద్వాలలో అన్నదమ్ములు కలిసి ఉమ్మడి ఆస్తి మీద కొట్టు నడిపితే పన్ను, పంచుకుని విడిపోతే సున్నా. ఇళ్లు చీల్చడంలో తోడికోడళ్లకు ఇన్నాళ్లకు సరైన పోటీ వచ్చింది.

ఇక ముసలితనం. అటల్ పెన్షన్ యోజన 2015లో వచ్చింది. చేరే వయసు 18 నుంచి 40. ఊళ్లో బ్యాంకు మిత్ర ఒకాయన వివరిస్తున్నాడు అనుకోండి:

“మామా, మీ పిలగానికి పద్దెనిమిదేండ్లు. నెలకు 210 కడితే అరవై దాటినంక నెలకు 5,000 వస్తయి. గ్యారంటీ.”

“నలభై రెండేండ్లకా? గ్యారంటీ పైసలకా, బియ్యం ధరకా?”

“పైసలకే మామా.”

“మరి నా సంగతేంది?”

“నీకు నలభై దాటినయి గద.”

రైతు పింఛను మాన్‌ధన్‌కూ, కూలీల శ్రమయోగి మాన్‌ధన్‌కూ అదే గీత: నలభై. నలభై ఒకటో ఏట అడుగుపెట్టినవాడికి హామీ ఉన్న ముసలితనం రాదు. జాతీయ పింఛను వ్యవస్థ ఎన్‌పీఎస్‌లో చేరి మార్కెట్‌కు మొక్కుకోవచ్చు. 2022 అక్టోబరు నుంచి ఆదాయపు పన్ను కట్టేవాడికీ అటల్ తలుపు మూసేశారు. పుట్టిన బిడ్డకు మాత్రం అడ్డే లేదు. 2024 సెప్టెంబరులో వచ్చిన ఎన్‌పీఎస్ వాత్సల్యలో ఉయ్యాల నుంచే పింఛనుకు జమ కట్టవచ్చు. పాలమూరు కూలి తల్లి పుణేలో ఇటుకలు మోస్తూ, చెట్టుకు కట్టిన జోలెలోని బిడ్డ రిటైర్మెంటు గురించి ఆలోచించాలి. తన రిటైర్మెంటు సంగతి నడుమే చూసుకుంటుంది.

నేతగాడి మీద రాష్ట్రానికి ప్రేమ ఎక్కువే. కూలిలో 8 శాతం నువ్వు వెయ్యి, 16 శాతం మేం వేస్తాం అన్నది. మంచి పథకమే, వ్యంగ్యం లేకుండా చెబుతున్నాను. కానీ ఆ డబ్బుకు మొదట పెట్టిన గడువు మూడేళ్లు. ముసలితనం మూడేళ్లకోసారి వచ్చి పలకరించి పోతుందని అనుకున్నట్టున్నారు. చేతికొచ్చినప్పుడు బిడ్డ పెళ్లో, నూలు బాకీయో ముందే గడపలో కూర్చుని ఉంటుంది.

చదువుకున్నవాళ్ల తెలివి ఇంతకన్నా బాగా పండిందా అంటే, సర్కారు బడి పంతుళ్లను అడగండి. 2004 సెప్టెంబరు 1 నుంచి కొలువులో చేరినవాళ్లకు పాత పింఛను లేదు, సీపీఎస్ ఉంది. జీతంలోంచి పది శాతం, సర్కారు పది శాతం, మిగతాది మార్కెట్ దయ. డీఎస్సీ-2003 వాళ్ల నోటిఫికేషన్ 2003లోనే వచ్చింది. పరీక్ష రాశారు, నెగ్గారు, ఎదురుచూశారు. పోస్టింగులు చేతికందింది 2005లో. ఆలస్యం చేసింది ప్రభుత్వం, ఆలస్యంగా వచ్చారని పింఛను పోయింది పంతుళ్లకు. పిల్లవాడు లేటైతే బెంచీ ఎక్కించే పంతులు, తాను లేటు కాకుండానే ఇరవై ఏళ్లుగా బెంచీ మీద నిలబడ్డాడు. ఇలాగే చిక్కుకున్న తన ఉద్యోగులకు కేంద్రం 2023 మార్చిలో దారి వదిలింది. ఆ దారి మా జిల్లాల దాకా వేసినట్టు లేరు.

గద్వాల, వనపర్తి సంస్థానాలకు తిరుపతి వేంకట కవుల వంటివాళ్లు వచ్చి అవధానాలు చేశారు. పండితులకు ఏటేటా వార్షికాలు ముట్టేవి. ఇప్పుడు వృద్ధాప్య పింఛను కోసం అవధానం అవ్వ వంతు. ఆధార్‌లో పుట్టిన ఏడాది ఒకటి, ఓటరు కార్డులో ఇంకొకటి: అది సమస్యాపూరణం. పాస్‌బుక్కులో ఇంటిపేరు ముందుంటే ఆధార్‌లో వెనక, ఒక్క అక్షరం తేడా రాకూడదు: అది నిషిద్ధాక్షరి. చివరికి వేలిముద్ర. ఏళ్ల తరబడి సీడ్ పత్తి చేలల్లో మొగ్గలు గిల్లిన వేళ్లకు గీతలెక్కడివి? మిషను మూడుసార్లు కూస్తుంది. “రేపు రా అవ్వా.”

గెలిస్తే బహుమానం ఏమిటంటారా? 2019లో 2,016 రూపాయలైన ఆసరా పింఛను, 2023 ఎన్నికల సభల్లో 4,000 అయింది. తర్వాత సభలు అయిపోయాయి. పేదరికపు గీత కింద ఉన్న వృద్ధులకు 79 ఏళ్ల దాకా కేంద్రం వాటా నెలకు 200, 2007 నుంచీ అంతే. పక్కింటి గుమాస్తాకు జీతం 20,000 దాటిందని నెలనెలా కోసే వృత్తి పన్ను కూడా సరిగ్గా 200. రెండు ఆఫీసులూ ఒక ఫోను చేసుకుని, ఆ నోటు గోడ మీంచి ఇటు అందించమని గుమాస్తాకు చెప్తే, అవ్వకు వేలిముద్ర బాధైనా తప్పుతుంది.