అలిగినవాణ్ణి అమ్మేస్తారట!

మా మనవడికి పదహారేళ్ళు. నిన్న సాయంత్రం పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో మా ఇంటి అరుగు మీద కూచుని, ఫోను ముక్కుకి ఆనించుకుని, ఒక తీర్పు చెప్పేశాడు. "తాతా, ఓడిపోతున్న టీములో స్టార్ ప్లేయర్ మూతి ముడుచుకుని కూచుంటే వాణ్ణి ట్రేడ్ చేసి పారెయ్యాలి. రేటు ఉన్నప్పుడే వదిలించుకోవాలి." వాడికి మీసం కూడా సరిగ్గా మొలవలేదు. వాడి నోట రేటు అన్న మాట విని, చేతిలో టీ చల్లారిపోయేదాకా నేను తాగడం మర్చిపోయాను.

మా రోజుల్లో రేటు అన్న మాట చేపలకి. పొద్దున్నే పడవలు ఒడ్డుకి చేరి బుట్టలు దించాక వంజరం ఎంత, రొయ్య ఎంత అని అడిగేవాళ్ళం. ఇప్పుడు ఐపీఎల్‌లో నిండా పాతికేళ్ళు లేని పిల్లల్ని వరసలో నిలబెట్టి, సుత్తి కొట్టి, ఇంత కోటి, అంత కోటి అంటున్నారు. వేలం అయితే ఏడాదికోసారి జాతర లాంటిది, పోనీలే అనుకున్నాను. ఈ ట్రేడ్ వచ్చాక అదీ పోయింది. నీ మేక నాకిచ్చి నా గొర్రెని తోలుకుపో అన్నట్టే ఉంది.

నువ్వు నవ్వుతావు మనవడా, నవ్వు. నీకు ఆట వేలి కింద ఉంది. చెన్నై నించి సముద్రం అడుగున వేసిన కేబులు 2020 ఆగస్టులో మన ద్వీపాలకి చేరింది. అంతకు ముందు ఇక్కడ ఇంటర్నెట్ అంటే చక్రం గిర్రున తిరుగుతుంటే చూస్తూ కూచోవడమే. దానికి ముందు రేడియో. మేఘం పట్టిందంటే వ్యాఖ్యాత గొంతు నీళ్ళలో మునిగి తేలేది. మెయిన్‌ల్యాండ్ పేపరు విమానం వస్తే వచ్చినట్టు, వాన కురిస్తే రెండు రోజులవి కలిపి వచ్చినట్టు. ఫలానావాడు మూడు ఆటల్లో సున్నా చుట్టాడన్న కబురు మా చెవిన పడేలోపు వాడు నాలుగో ఆటలో వంద కొట్టేసి ఉండేవాడు. ఇంక కోపం ఎవరి మీద తెచ్చుకుంటాం? కబురు నెమ్మదిగా నడిచేది కాబట్టి మా కోపమూ నెమ్మదిగానే వచ్చేది. ఈ ఊరి పేరు కూడా 2024లో మార్చి శ్రీ విజయపురం అన్నారు. బాగానే ఉంది, కాదనను. నా నోటికి మాత్రం పోర్ట్ బ్లెయిరే వస్తుంది. ఈ వయసులో దాన్ని ట్రేడ్ చెయ్యలేను.

అసలు సంగతికి వస్తాను. మన హైదరాబాదు జట్టు వార్నర్‌ని ఏం చేసిందో నీకు తెలుసా? అప్పటికి నీకు పన్నెండేళ్ళు కూడా లేవు. ఆ ఆస్ట్రేలియా వాడు 2014లో సన్‌రైజర్స్‌కి వచ్చాడు, మరుసటి ఏడు కెప్టెన్ అయ్యాడు. 2016లో ఒక్క సీజన్లోనే 848 పరుగులు చేశాడు. మే 29న బెంగళూరులో, వాళ్ళ సొంత మైదానంలో జరిగిన ఫైనల్లో 38 బంతుల్లో 69 కొట్టి, ఎనిమిది పరుగుల తేడాతో కప్పు తెచ్చాడు. ఆ రాత్రి ఈ వీధిలో అరిచిన అరుపులకి పొరుగింటి బెంగాలీ దాదా లైటు వేసుకుని బయటికొచ్చి, మళ్ళీ సునామీ వచ్చిందా అని అడిగాడు. లాక్‌డౌన్లో వార్నర్ పెళ్ళాం పిల్లలతో కలిసి బుట్టబొమ్మ పాటకి డాన్సు కట్టాడు. ఆ వీడియో మా కోడలు నాకు పదిసార్లు చూపించింది. తెలుగు ఒక్క ముక్క రానివాణ్ణి తెలుగిళ్ళల్లో అల్లుడిలా చూసుకున్నారు.

అలాంటివాడు 2021లో తడబడ్డాడు. ఆరాటల్లో ఒక్కటే గెలుపు. జట్టులోంచి మరో ఆటగాణ్ణి తీసేస్తే, అది కఠినమైన నిర్ణయమని పైకి అన్నాడు. మే 1న కెప్టెన్సీ తీసేసి విలియమ్సన్‌కి ఇచ్చారు. మర్నాటి ఆటలో పదకొండు మందిలో కూడా వార్నర్ లేడు, తోటివాళ్ళకి నీళ్ళ సీసాలు మోశాడు. కరోనాతో ఆగిన పోటీ సెప్టెంబరులో దుబాయి వైపు మళ్ళీ మొదలైతే రెండాటల్లో సున్నా, రెండు. మళ్ళీ బయటికి. తనని ఎందుకు తీశారో ఎవరూ తనకి చెప్పలేదని తర్వాత వాడే చెప్పుకున్నాడు. నాకు గుచ్చుకున్నది ఆ మాటే. తీసెయ్యడం ఒక ఎత్తు, చెప్పకపోవడం ఒక ఎత్తు. ఆ ఏడు పద్నాలుగు ఆటల్లో మూడు గెలిచి ఎనిమిది జట్లలో ఎనిమిదో చోట నిలిచాం. వాణ్ణి పక్కన పెట్టి ఏం బావుకున్నాం?

మా శ్రీకాకుళం పెళ్ళిళ్ళలో అలకపాన్పు అని ఒక ముచ్చట ఉండేది. ఇప్పుడు మీకు ఈవెంట్ మేనేజర్లున్నారు, అలగడానికి టైము ఇవ్వరు. అప్పుడైతే కొత్తల్లుడు గోడవైపు తిరిగి పడుకునేవాడు. మావగారు వెళ్ళి బతిమాలేవాడు, బావమరుదులు వేళాకోళం చేసేవాళ్ళు, చివరికి ఉంగరమో, గడియారమో, సైకిలో ఒప్పుకుంటే అల్లుడు లేచి భోజనానికి వచ్చేవాడు. ఆ గడియారం ఒక సాకు. తనకోసం ఇంటిల్లిపాదీ ఒక గడియ ఆగారా లేదా అన్నదే వాడికి కావలసింది. అల్లుడు అలిగాడు కదా అని పక్కూరి అల్లుణ్ణి మార్చుకు తెచ్చిన మావగార్ని నేనైతే చూడలేదు.

ఆటలోనూ అంతే. మాకు ఇక్కడ ఒక ఫుట్‌బాల్ జట్టుండేది. 1974, 75 నాటి మాట. సగంమంది వలల మీద బతికే సోంపేట, ఇచ్ఛాపురం పిల్లలం, ఇద్దరు ముగ్గురు బెంగాలీలు, ఒక రాంచీ కుర్రాడు. బూట్లు ముగ్గురికే. ఆడేది మాత్రం జింఖానా మైదానంలో. 1943 డిసెంబరు 30న నేతాజీ జెండా ఎగరేసిన మైదానం అది, ఇప్పుడు నేతాజీ స్టేడియం అంటున్నారు. మా సెంటర్ ఫార్వర్డ్ కాలికి బంతి తగిలిందంటే వానలో బురద కూడా వాడికి దారిచ్చేది. ఒక ఏడు టోర్నమెంటుకి కెప్టెన్సీ వాడికి కాకుండా, కొత్తగా ఉద్యోగం వచ్చి జట్టుకి జెర్సీలు కుట్టించిన ఇంకొకడికి ఇచ్చాం. అది మా తప్పే. సెంటర్ ఫార్వర్డ్ ఒక్క మాట అనలేదు. ఆటకి రావడం మానేశాడు. రెండాటలు ఓడాం. వాడెందుకు, ఇంకోణ్ణి చూద్దాం అని మాలో మేమే గట్టిగా అరుచుకున్నాం. అప్పుడు నా నోరే అందరికంటే పెద్దది.

మా పడవ నడిపే తండేలు మా మాటలన్నీ విన్నాడు. బీడీ ఆర్పి, ఒడ్డున వాడు వల బాగుచేసుకుంటున్న చోటికి నడిచి వెళ్ళాడు. మేం దూరం నించి చూస్తున్నాం. ఏం పలకలేదు. వల రెండో కొస అందుకుని, పక్కన కూలబడి, చెక్క సూది చేతిలోకి తీసుకుని, తెగిన కళ్ళు ఒక్కొక్కటీ అల్లడం మొదలెట్టాడు. గంట సేపు ఇద్దరూ అలాగే అల్లుకుంటూ కూచున్నారు. పొద్దు గుంకుతుంటే లేచి పంచె దులుపుకుని అన్నాడు: "ఆదివారం వల నేను ఎండేస్తానురా. నువ్వు ఆటకెళ్ళు."

ఆదివారం వాడొచ్చాడు. ఆ ఆట మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం, దాచి లాభం లేదు. కాని ఆ తర్వాత ఆరేళ్ళు వాడు మరో జట్టు ముఖం చూడలేదు. నువ్వు చెప్పే ట్రేడ్ లెక్కలో ఆ ఆరేళ్ళు ఏ గడిలో రాస్తారు నాయనా?

మా రోజుల్లో ఎవరూ జట్టు మారలేదని అబద్ధమాడను. పటౌడీ ఢిల్లీ వదిలి హైదరాబాదు వచ్చాడు. కాని వచ్చి ఏం చేశాడు? దేశానికి కెప్టెన్ అయ్యుండీ రంజీలో జయసింహ కెప్టెన్సీ కింద ఆడాడు. వాడు పెద్దా నేను పెద్దా అన్న పేచీ లేదు. మన లక్ష్మణ్‌ సంగతి చూడు. 2008లో డెక్కన్ ఛార్జర్స్ వాళ్ళు ఐకాన్ ఆటగాడి హోదా ఇస్తామంటే, ఆ డబ్బుతో జట్టుకి మంచి ఆటగాళ్ళని కొనండని వదులుకున్నాడు. ఆ ఏడు అట్టడుగున నిలిచారు. అతని కెప్టెన్సీ గిల్‌క్రిస్ట్‌కి వెళ్ళింది. లక్ష్మణ్ ఒక్క పుల్లవిరుపు మాట అనలేదు. మరుసటి ఏడే దక్షిణాఫ్రికాలో కప్పు కొట్టారు. మరి 2011కి ఆ లక్ష్మణే వేలంలో కొచ్చి జట్టుకి పోయాడు. ఉంచుకోవాలని వాళ్ళకి తోచలేదు మరి.

ఫుట్‌బాల్‌లో అయితే ఇంకా పాతది ఈ జబ్బు. కోచ్ రహీం సాబు పెంచిన హైదరాబాదు ఫుట్‌బాల్ అంటే దేశం దడిసేది. సిటీ పోలీసు జట్టు 1950 నించి 54 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ తర్వాత కలకత్తా క్లబ్బులు వచ్చి ఒక్కొక్కళ్ళనీ ఎత్తుకుపోయాయి. సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళి అక్కడే స్థిరపడిపోయాడు. కలకత్తాలో సంతకాల రోజులొస్తే ఎదటి క్లబ్బు కంటపడకుండా ఆటగాళ్ళని ఇళ్ళల్లో దాచేవారని మా బెంగాలీ దాదా ఇప్పటికీ కథలు కథలుగా చెబుతాడు. దాచేవారు చూశావా! కావాలనుకుంటేనే కదా ఎవరినైనా దాచుకునేది.

ఇప్పుడేమో ఎవరికి ఎవరు అక్కర్లేదో పొద్దున్న లేస్తే తెలియడం లేదు. 2023 నవంబరులో గుజరాత్ తన కెప్టెన్ హార్దిక్‌ని ముంబైకి ఇచ్చేసింది. ముంబై రోహిత్‌ని దించి అతన్ని ఎక్కించింది. మరుసటి సీజన్లో సొంత మైదానంలో సొంత జనమే గేలి చేశారు, జట్టు పదో చోట నిలిచింది. 2025లో రాజస్థాన్ తొమ్మిది, చెన్నై పది. రాజస్థాన్ కెప్టెన్ సంజూ వెళ్ళిపోతానన్నాడని పేపర్లలో వచ్చింది. నవంబరులో సంజూని చెన్నైకి ఇచ్చి జడేజాని, ఇంకొకణ్ణి రాజస్థాన్ తెచ్చుకుంది. అంతకు రెండేళ్ళ క్రితం ఆఖరి బంతికి ఫోరు కొట్టి చెన్నైకి కప్పు తెచ్చినవాడు జడేజా! ఆ వార్త చదివి మా మనవడు, "మంచి డీల్ తాతా" అన్నాడు. వాడికి అన్నం పెట్టకూడదనిపించింది. పెట్టాననుకో.

పంపినవాళ్ళకి ఏం మిగిలిందో కూడా విను. వార్నర్‌ని వదిలేశాక ఢిల్లీ ఆరుంపావు కోట్లకి కొనుక్కుంది. 2022 మే 5న బ్రబోర్న్‌లో మన మీదే 58 బంతుల్లో 92 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. చివరి ఓవరు ముందు అవతలి కొసన ఉన్న పావెల్, నీ వంద కోసం సింగిల్ తీసివ్వనా అని అడిగాడట. అక్కర్లేదు, నువ్వు కొట్టు అన్నాడు వార్నర్. పావెల్ కొట్టాడు, ఆ ఓవర్లో పంతొమ్మిది వచ్చాయి, మనం ఇరవయ్యొక్క పరుగులతో ఓడిపోయాం. తన వంద వదులుకున్నవాడు జట్టు మనిషి కాడని ఎవరంటారు? అదే ఏడు మన చేతిలోంచి జారిపోయిన రషీద్ ఖాన్ గుజరాత్‌లో చేరి కప్పు ఎత్తాడు. మనం 2022లో ఎనిమిది, 2023లో పది.

మనవడు ఊరుకోడు. "మరి 2024లో కమిన్స్ కెప్టెన్‌గా వచ్చాక బెంగళూరు మీద 287 కొట్టాం కదా, ఫైనల్ దాకా వెళ్ళాం కదా" అంటాడు. వెళ్ళాం. ఆ 287 చూసి నేనూ కుర్చీలోంచి లేచి కేకలేశాను, మోకాలి నొప్పి కూడా గుర్తు రాలేదు. పాతది కూలిస్తేనే కొత్తది లేస్తుందన్న మాటలో నిజం ఉండొచ్చు. ఎల్లకాలం ఒక్కణ్ణే పట్టుకు వేలాడమని నేను అనడం లేదు. ముందు వెళ్ళి పక్కన కూచోండి. వల రెండో కొస పట్టుకోండి. అప్పటికీ కుదరకపోతే పంపండి. పంపేటప్పుడు ముఖం చూసి చెప్పి పంపండి.

ఆరేళ్ళయ్యాక మా సెంటర్ ఫార్వర్డ్‌కి విశాఖలో ఉద్యోగం వచ్చింది. మేం పొమ్మనలేదు, ఉండమనీ అనలేకపోయాం. ఓడ ఎక్కే రోజు హడ్డో జెట్టీకి జట్టు జట్టంతా వెళ్ళాం. తండేలు ఎండుచేపల మూట కట్టి తెచ్చాడు. ఆనాటి కెప్టెన్ తన బూట్లు విప్పి వాడి చేతిలో పెట్టాడు. తాళ్ళు విప్పారు, ఓడ కూత వేసింది. వాడు డెక్కు మీద కమ్మీ దగ్గర నిలబడి తువ్వాలు ఊపుతూనే ఉన్నాడు.

2021 అక్టోబరులో టీవీలో వార్నర్‌ని చూపించారు. జట్టు మైదానంలో ఆడుతోంది, వాడు పైన స్టాండులో కూచుని సన్‌రైజర్స్ జెండా ఊపుతున్నాడు. ఐదేళ్ళ కింద కప్పు తెచ్చిపెట్టినవాడు. నాకు ఆ తువ్వాలు గుర్తొచ్చింది. ఓడ కనుమరుగయ్యేదాకా మేం ఒక్కళ్ళం కదల్లేదు నాయనా, చేతులు ఊపుతూనే ఉన్నాం.