మూత తీస్తే వారంటీ పోతుందట!

ఇప్పుడెవరూ కంప్యూటరు కట్టించుకోవడం లేదండీ. ఫోన్లో ఆర్డరు పెడితే పెట్టె రాజోలు లంకల్లోకైనా వచ్చి వాలుతోంది. ప్లగ్గు పెట్టుకోవడమే తరువాయి. లోపల ఏముందయ్యా అంటే కొన్నవాడికీ తెలీదు, అమ్మినవాడికీ తెలీదు.

మా రోజుల్లో అలాక్కాదు. అమలాపురంలో శుభలేఖలూ కరపత్రాలూ కొట్టుకుంటూ డీటీపీ సెంటర్ నడిపినవాణ్ణి నేను. పేజ్‌మేకరూ, అనూ ఫాంట్లూ, పక్కన బుయ్యిమనే స్టెబిలైజరూ. కొత్త మిషను కావాలంటే రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరి, రాత్రికి గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో దిగబడేవాళ్ళం. అక్కడ చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే సీటీసీ. కౌంటర్లో కుర్రాడు కాగితం తీసి బోర్డు ఇది, ర్యామ్ ఇది, కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ ఇది అని వరసగా రాసేవాడు. గ్రాఫిక్స్ కార్డు పెట్టుకునే ఏజీపీ స్లాటు ఉందా లేదా మనమే అడగాలి. అడక్కపోతే మన ఖర్మ. ఇంటెల్ 810 బోర్డు అంటగట్టాడంటే దానికి స్లాటే ఉండదు. ఉన్నా అది 3.3 వోల్టులదో 1.5 వోల్టులదో కార్డు అంచున గాడి చూసి పోల్చుకోవాలి. ఇబ్బందే, కాదనను. కానీ కంటికి కనబడే ఇబ్బంది. ఎస్‌ఎంపీఎస్ చాలకపోతే పెద్దది తెచ్చి నాలుగు స్క్రూలు బిగిస్తే సరి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అని ఒక కొలత పెట్టింది గనక ఎవరిదైనా అతికేది.

మొన్న కొత్తపేటలో మా అన్నయ్య మనవడికి వాళ్ళ మావయ్య డాలస్ నుంచి ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు తెచ్చాడు. వాడి దగ్గరున్నదేమో పేరుమోసిన కంపెనీవారి సన్నపాటి డెస్క్‌టాప్. "చిన్నతాతయ్యా, నువ్వు పాతకాలం ఎక్స్‌పర్టువి కదా, కాస్త బిగించిపెట్టవా?" అన్నాడు. పాతకాలం అన్న ముక్క దిగమింగి స్క్రూడ్రైవరు తీశాను.

ఆ పెట్టెలో సగం ఎత్తు కార్డులకే చోటు. పోనీ మూత లేకుండా నడిపిద్దామంటే కరెంటేదీ? కార్డు 170 వాట్లు లాగుతుంది. స్లాటు ఇచ్చేది 75. మిగతాది ఎస్‌ఎంపీఎస్ నుంచి 8 పిన్నుల వైరులో రావాలి. వీడి ఎస్‌ఎంపీఎస్ మొత్తం బలమే 180 వాట్లు, ఆ వైరు దానికి పుట్టలేదు. పెద్దది మారుద్దామంటే పెట్టెలో పట్టదు. బోర్డు మీద చూస్తే అందరికీ ఉండే 24 పిన్నుల సాకెట్టుకు బదులు కంపెనీవారి సొంత సాకెట్టు! ఆఫీసులో గుమాస్తా లెక్కలు కొట్టుకోవడానికి చేసిన మిషనది. చవగ్గా, చల్లగా, తక్కువ కరెంటుతో నడవాలన్న వాళ్ళ లెక్క నాకూ తెలుసు. దాన్ని ఇంజినీరింగ్ చదివే కుర్రాడికి "గేములకి బ్రహ్మాండం" అని అమ్మినవాడి మీదే నా కోపం.

ఈ సొంత సాకెట్ల జబ్బు అంటుకున్నది మా రోజుల్లోనే అనుకోండి. 1998 నుంచి కొన్నేళ్ళపాటు డెల్ వారు చూడ్డానికి అచ్చం ఏటీఎక్స్ ప్లగ్గే పెట్టి, లోపల వైర్ల వరస మార్చేశారు. తెలీక మామూలు ఎస్‌ఎంపీఎస్ తగిలిస్తే బోర్డు మాడే ప్రమాదం. ఆ మిషన్లు మా అమలాపురం దాకా పెద్దగా రాలేదు గనక మేం బతికిపోయాం.

మనవడు ఊరుకుంటాడా! హార్డ్ డిస్కుకి పెట్టే సాటా ప్లగ్గును 8 పిన్నులుగా మార్చే కన్వర్టరొకటి ఫోన్లో చూపించాడు. సాటా ప్లగ్గు 12 వోల్టుల మీద మోయగలిగింది 54 వాట్లే, వైరు కరిగి ఇల్లు కంపుకొడుతుందిరా అన్నాను. ఈ 3060 కార్డు అమ్మేసి, 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీది, సగం ఎత్తు మోడలే అడిగి మరీ కొనుక్కోమన్నాను. దానికి 70 వాట్లు చాలు, వేరే వైరు అక్కర్లేదు. వాడి ప్రాసెసరు 65 వాట్లది, రెండూ కలిపినా ఎస్‌ఎంపీఎస్ మోస్తుంది. వాడి మొహం మాడిపోయింది. మావయ్యకేం చెప్పాలట!

చివరికి కార్డు అమ్మకానికి పెట్టాడు, ఫోన్ నంబరు మాత్రం నాది ఇచ్చాడు. సాయంత్రానికే రావులపాలెం నుంచి ఒకబ్బాయి.

"ఆయ్, మాది బ్రాండెడ్ మిషనేనండి. కార్డు పడుద్దాండి?"

"మూత తీసి ఎస్‌ఎంపీఎస్ మీద ఎన్ని వాట్లని రాసుందో చదివి చెప్పు బాబూ."

"మూత తీస్తే వారంటీ పోద్దంటండి," అన్నాడు.