స్కేట్ పార్కు కట్టేవాళ్ళకు తలకిందుల సలహాలు

పర్యాటకం మాట ఎత్తినప్పుడల్లా కళింగపట్నం తీరంలో కొత్తగా ఏం కడదామనే ఆలోచన మొదలవుతుంది. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌసు, దగ్గర్లోనే శాలిహుండం కొండ. ఇన్ని ఉన్న ఊరికి ఏదో ఒకటి చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. రేపో మాపో ఆ జాబితాలో స్కేట్ పార్కు చేరితే, అంచనాలు వేసే ఇంజనీరుకూ సంతకం పెట్టే అధికారికీ ఊరి సర్పంచికీ నేను చెప్పదలచుకున్న మాటలివి. వినగానే అన్నీ తప్పుడు సలహాల్లాగే ఉంటాయి. కానీ ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోను.

డ్రాయింగ్ వేయించకండి, ముందు బోర్డులు కొనండి. అందరూ చెప్పేది దీనికి వ్యతిరేకం: మొదట ప్లాను గీయించాలి, దాన్ని గ్రామసభలో గోడకు అంటించి అభిప్రాయాలు తీసుకోవాలి, ఆ తర్వాత టెండరు పిలవాలి. అభిప్రాయం అడగడం చాలా మంచిదే. కానీ స్కేట్‌బోర్డు మీద ఒక్కసారైనా నిలబడని పిల్లవాణ్ణి ‘నీకు ఏం కావాలి’ అని అడిగితే తను చూసినదే చెబుతాడు. ఉయ్యాల కావాలంటాడు, జారుడుబల్ల కావాలంటాడు. అందులో వాడి తప్పేమీ లేదు. కళింగపట్నం, బందరువానిపేట పిల్లలకు ఒక పది బోర్డులు, హెల్మెట్లు, మోకాలి ప్యాడ్లు ఇచ్చి, నేర్పే మనిషిని పెట్టి, ఆరు నెలలు బడి ఆవరణలోనూ సిమెంటు వీధుల్లోనూ వదలండి. ఈలోగా వాళ్ళకే తెలిసివస్తుంది: ఏ వాలు చాలడం లేదో, ఏ మెట్టు అంచు మీద బోర్డు గీరుకుంటూ పోతే బాగుంటుందో, ఏ మలుపులో ఒకరికొకరు తగిలి పడుతున్నారో. అప్పుడు అడగండి. ఆ జవాబులే డ్రాయింగు. స్థానిక స్కేటర్లను సంప్రదించాలంటే ముందు ఊళ్ళో స్కేటర్లు ఉండాలి కదా.

మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలోని జన్వార్ పల్లెలో పార్కే ముందు వచ్చింది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. జర్మనీ నుంచి వచ్చిన ఉల్‌రికే రైన్‌హార్డ్ పూనికతో 2015లో అక్కడ కాంక్రీటు పార్కు మొదలయ్యేనాటికి ఆ పిల్లలెవరూ స్కేట్‌బోర్డు ఎరగరు. కానీ కాంక్రీటుతో పాటే బోర్డులూ వచ్చాయి, నేర్పేవాళ్ళూ వచ్చారు, రెండు నియమాలూ వచ్చాయి: బడికి వెళ్ళకపోతే బోర్డు లేదు, ఆడపిల్లలు ముందు. మన దగ్గర కాంక్రీటు ఒక్కటే వస్తుందేమోనని నా భయం. ఆడేవాళ్ళే ముందుంటే ఏమవుతుందో చెప్పే సంగతి ఇంకొకటి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో బర్న్‌సైడ్ వంతెన కింద 1990లో స్కేటర్లే సొంతంగా సిమెంటు కలిపి, అనుమతి లేకుండానే కట్టుకోవడం మొదలుపెట్టారు. కట్టినంత మేర ఆడి చూసుకుంటూ పెంచుకుపోయారు. నగరపాలకులు తర్వాత ఒప్పుకున్నారు. ప్రపంచంలో పేరున్న స్కేట్ పార్కుల్లో అదొకటి.

సముద్రం కనిపించే చోట కట్టకండి. ఫొటోలో బాగుంటుందని అలల ఎదురుగా కట్టాలనే అనిపిస్తుంది. ఆ మోజు మానుకోవాలి. స్కేట్‌బోర్డు చక్రం యాభై చిల్లర మిల్లీమీటర్ల వ్యాసం ఉండే గట్టి ముక్క. దాని కింద చిన్న గులకరాయి పడినా బోర్డు ఆగిపోతుంది, మనిషి ముందుకు ఎగిరిపడతాడు. తీరం గాలి రోజూ ఇసుకను మోసుకొస్తుంది. ఉప్పు బేరింగుల్లో చేరి తుప్పు పట్టిస్తుంది. పైగా చట్టం కూడా ఉంది. 2019 తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం, జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో పోటు రేఖ నుంచి 200 మీటర్ల వరకూ అభివృద్ధి నిషిద్ధ మండలం. తుపాను సంగతి ఇక్కడివాళ్ళకు ఒకరు చెప్పాలా? 2021 సెప్టెంబరు 26న గులాబ్ తీరం దాటింది కళింగపట్నం దగ్గరే. అందుకే సరుగుడు తోటలకు ఇవతల, బడికి దగ్గరగా, పిల్లలు నడిచి వెళ్ళగలిగే చోటు చూడండి. అక్కడైనా తీరపు గాలి తప్పదు. తీర వాతావరణంలో ఇనుము వేసిన కాంక్రీటుకు కనీసం ఎం30 గ్రేడు, చువ్వల మీద 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలని కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. సముద్రపు తుంపర నేరుగా తగిలే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. అంచుల్లో బిగించే ఇనుప పైపుకు గాల్వనైజింగ్ చేయించాల్సిందే.

గొయ్యి తవ్వకండి. స్కేట్ పార్కు అనగానే అందరూ గిన్నెలా తవ్విన గుంటను ఊహించుకుంటారు. ఆ ఊహ కాలిఫోర్నియాది. 1970ల కరువులో అక్కడ ఇళ్ళ వెనక ఈత కొలనులు ఎండిపోతే కుర్రాళ్ళు వాటిలోకి దిగి ఆ గుండ్రటి గోడల మీద స్కేట్ చేశారు. మనది ఏరు సముద్రంలో కలిసే ఊరు. కొద్దిగా తవ్వితే నీరు, వాన పడితే చెరువు, గాలి వీస్తే ఇసుక దిబ్బ. ఇక్కడ నేల మీదికే కట్టాలి. మట్టి పోసి దిమ్మిస కొట్టి, వాలులు పైకి లేపి, కాలువలు బయటికి తీయాలి. విశాఖ బీచ్ రోడ్డులోని వుడా పార్కు రింకు చూసినవాళ్ళు చదునుగా ఉంటే సరిపోతుంది కదా అనవచ్చు. ఆ రింకులో ఎందరో పిల్లలు రోలర్ స్కేటింగ్ నేర్చుకున్నారు, అది దాని పని. చదును నేల రోలర్ స్కేట్లకు సరిపోతుంది. స్కేట్‌బోర్డుకు మాత్రం వంపులూ అంచులూ మెట్లూ లేకపోతే రెండు వారాల్లో పిల్లలకు విసుగొస్తుంది.

ఎండబెట్టేవాళ్ళను వెళ్ళగొట్టకండి. ఊళ్ళో ఎండబెట్టుకునే అలవాటు తెలియని కన్సల్టెంటు ఎంత గొప్ప పార్కు గీసినా మన తీరంలో చెల్లదు. నున్నటి కాంక్రీటు కనిపిస్తే వేసవిలో ఎండు చేపలు పరుస్తారు, వలలు ఆరేస్తారు, కోతల కాలంలో ధాన్యం పోస్తారు. ఊళ్ళో కళ్ళాలకు చోటు లేక రోడ్లమీద ఆరబోసుకునే జనం వాళ్ళు. హెచ్చరిక బోర్డు పెట్టి, కంచె వేసి, జరిమానా అంటే పార్కు ఊరికి శత్రువవుతుంది. ముందుగా పక్కనే ఎండ బాగా తగిలేలా ఒక పెద్ద ఆరుబయలు చప్టా వేయండి, అదే టెండరులో, అదే సొమ్ముతో. చేపలు ఎండబెట్టే తల్లి పక్కన ఉంటే పిల్లల మీద ఒక కన్ను కూడా ఉంటుంది. అప్పుడు పార్కును కాపాడేది ఊరే.

కూలగొట్టడానికి డబ్బు కేటాయించండి. మన తాపీ మేస్త్రీలు గొప్పవాళ్ళే. కానీ రోడ్లు, గోడలు వేసిన చేతులు వంపు వాలును మొదటిసారే సరిగ్గా తీయలేవు. ప్లైవుడ్ ఫర్మా కోసి, ఒక చిన్న వాలు కట్టించండి. పిల్లల చేత ఆడించండి. నిట్టనిలువుగా ఉందంటారు, నేలకూ వాలుకూ మధ్య అతుకు తగులుతోందంటారు. పగలగొట్టి మళ్ళీ వేయండి. ఆడిట్ అభ్యంతరం రాకుండా ఈ ఖర్చును అంచనాల్లోనే నమూనా పని కింద చూపించండి. ఆ మొత్తం దండగ అని నేను అనుకోను. ఒకేసారి అంతా పోసేసి, ఎవరూ ఆడని కాంక్రీటు మిగిలితే అదే దండగ.

అందరికంటే బాగా ఆడే కుర్రాణ్ణి మొదట అడగకండి. వాడికి ఏం కావాలో వాడు ఎలాగూ చెబుతాడు, గట్టిగానే చెబుతాడు. ఒక పక్కన నిలబడి చూస్తున్న ఆడపిల్లను అడగండి. వెలుతురు ఎంతసేపు కావాలి, మరుగుదొడ్డి ఎక్కడ ఉండాలి, మొదటిసారి ఎక్కేవాళ్ళకు వేరే చోటు కావాలా, అమ్మ కూర్చునే నీడ ఉందా. జన్వార్‌లో ఆడపిల్లలు ముందు అన్న నియమం ఊరికే పెట్టలేదు. అక్కడ నేర్చుకున్న ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీల దాకా వెళ్ళింది. స్కేట్‌బోర్డు ఆడే మహాబలిపురం మత్స్యకార కుటుంబపు చిన్నారి మీద తీసిన ‘కమలి’ అనే చిన్న చిత్రం బాఫ్టా నామినేషన్ దాకా వెళ్ళింది. అది కూడా బంగాళాఖాతం ఒడ్డే.

చివరి బిల్లు గురించి ఇంజనీరు గారికి ఒక మనవి. ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో పొడవూ వెడల్పూ రాసి సంతకం పెట్టే ముందు, ఆ పిల్లలను పిలిచి ప్రతి వాలు మీదా ఒక సాయంత్రం ఆడించండి. వాళ్ళు బాగుందన్న తర్వాతే కాంట్రాక్టరు బిల్లు పాస్ చేయండి. ఈ షరతును టెండరు పత్రంలో మొదటి పేజీలోనే రాయండి, తర్వాత గొడవ ఉండదు.