ఆకాశంలో రాయి, జమ్మలమడుగులో శిలాఫలకం

మన కడప జిల్లాలో రాయికి కరువు లేదు. అరుగు మీదా నాపరాయే, శ్మశానం గోడకూ నాపరాయే. ఇక రాతి మీద పేర్లు చెక్కించడంలోనైతే మనల్ని మించినవాళ్లు లేరు. కానీ రాయికి పేరు పెట్టడమంటే పంచాంగం, ప్రోటోకాల్ కాదని నమ్మే అమాయకులు కొందరున్నారు. అంగారకుడికీ గురుడికీ నడుమ తిరిగే గ్రహశకలాల పేర్లు ఖాయం చేసే అంతర్జాతీయ ఖగోళ సంఘం కమిటీవాళ్లు. పాపం, వాళ్లకు రాజకీయం తెలీదు.

వాళ్ల తతంగం చూడండి. ఖగోళవేత్తలు రాత్రి ఆకాశంలో ఒకే భాగాన్ని మళ్లీ మళ్లీ ఫొటో తీస్తారు. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి, ఒక్క చుక్క మాత్రం జరిగి ఉంటుంది. మన దగ్గరైతే ఆ చుక్క జరిగిన సాయంత్రానికే ప్రొద్దుటూరులో ఫ్లెక్సీ లేచేది. వాళ్లేమో ఖైదీకి నంబరిచ్చినట్టు ఒక తాత్కాలిక గుర్తు తగిలించి ఊరుకుంటారు. ఏళ్లతరబడి కనిపెట్టి చూసి, అది తిరిగే కక్ష్య లెక్క తేలాకే శాశ్వత సంఖ్య. సంఖ్య వచ్చాకే పేరు. పేరు సూచించే హక్కు కనుగొన్నవాళ్లదే. అయినా సొంత పేరు పెట్టుకునే ఆచారం లేదు!

1861లో మద్రాసు వేధశాలలో ఖగోళవేత్త పోగ్సన్ ఒక గ్రహశకలాన్ని కనుగొన్నాడు. ఆసియా ఖండం నుంచి దొరికిన మొదటిది కనుక దానికి 'ఆసియా' అని పేరు. అప్పుడు మన కడప కూడా ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1988 ఫిబ్రవరి 17న తమిళనాడులోని కావలూరు వేధశాలలో ఆర్. రాజమోహన్‌కు ఇంకొకటి దొరికింది. ముందు దాని గుర్తు 1988 డీక్యూ1, తర్వాత సంఖ్య 4130, ఆ పైన గణితవేత్త పేరు 'రామానుజన్'. ఓ ఎమ్మెల్యే పేరు పెట్టొచ్చన్న ఇంగితమైనా లేకపోయింది ఆయనకు.

నియమాలు మరీ ఘోరం. పేరు రోమన్ లిపిలో పదహారు అక్షరాలు దాటరాదు. మన ఫ్లెక్సీలో 'గౌరవనీయులు, ప్రియతమ' అనేసరికే కోటా అయిపోతుంది. వ్యాపార ప్రచారం కుదరదు. అన్నిటికంటే అన్యాయం ఇంకొకటుంది. రాజకీయాలతో పేరొచ్చినవాళ్లయితే, పోయి నూరేళ్లు నిండాలి. పులివెందుల టీకొట్టు దగ్గర ఈ మాట చెబితే ఏమవుతుంది? "అంటే రాజశేఖరరెడ్డికి 2109 దాకా ఆగాల్నా? యాడి రూలు సామీ ఇది?" అని నిలదీస్తారు. అవతలి పార్టీవాళ్లు నవ్వక్కర్లేదు. ఎన్టీఆర్‌కూ 2096 దాకా ఆగాల్సిందే. నటుడి కోటాలో అర్జీ పెట్టుకుంటే అది వేరే సంగతి.

మనకు అంత ఓపిక ఎక్కడిది? విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు. 2024లో మళ్లీ ఎన్టీఆర్ వచ్చారు. కడప 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అయింది. పేరు మారినప్పుడల్లా బోర్డులు రాసేవాళ్లకు పండగ, సర్టిఫికెట్లు పట్టుకు తిరిగే పిల్లలకు దండగ.

ఇక జమ్మలమడుగు ఉక్కు కర్మాగారం సంగతి. 2007లో బ్రహ్మణి పేరుతో ఒక శంకుస్థాపన. 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర ఇంకొకటి. 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర మరొకటి. 2023 ఫిబ్రవరిలో అక్కడే ఇంకోటి. మంత్రాలు, కొబ్బరికాయ, తెర లాగితే ఫలకం. పై వరసలో ముఖ్యమంత్రి, కింద మంత్రులు, చివరి వరసలో చూపు ఆనని అక్షరాల్లో అధికారులు. ఉక్కు పేరు మాత్రం రాతి మీదే. పేర్లన్నీ ముందే వచ్చేశాయి, కక్ష్యే ఇంకా తేలలేదు.

అందుకే ఖగోళ సంఘానికి మనం రుణపడి ఉన్నాం. వాళ్ల నియమాలు తర్జుమా చేయించి జీవోగా ఇచ్చేస్తే చాలు. కొలిమి వెలిగి, మొదటి ఉక్కు కడ్డీ బయటికి వచ్చేదాకా ఫలకం ఖాళీగా ఉండాలి. అప్పటిదాకా ప్రాజెక్టుకు తాత్కాలిక నంబరే. నాయకుల పేర్లకు నూరేళ్ల గడువు. అదొక్కటీ అమలైతే ఈ నేతలంతా ప్రజలకు పనికొచ్చే పనేదో చేసి చూపించే ప్రమాదం ఉంది. ఓటరు మహాశయా, ఈసారి శంకుస్థాపనకు పిలిస్తే కొబ్బరిచిప్ప తీసుకో, చప్పట్లు మాత్రం ఉత్పత్తి మొదలయ్యేదాకా దాచిపెట్టుకో.