కాక క్యాసెట్లు

మా బాల్కొండ దిక్కు ఇళ్లలో బీరువా మీదికి చూస్తే చాలు, ఆ ఇంటాయన గల్ఫ్‌లో ఎన్నేళ్లు చేశాడో తెలిసిపోతుంది. మొదటి సెలవుకు బొచ్చు దుప్పటి, టైగర్ బామ్. ఇంకో వీసాకు టేప్‌రికార్డర్. చేయి బాగా తిరిగాక వీడియో కెమెరా. వస్తువులు పాడైపోతాయి గాని డబ్బాలు మాత్రం పోవు. లోపలి థర్మాకోల్, పూసల్లాంటి సిలికా జెల్ పొట్లం, ఎనిమిది భాషల్లో ఉండి మన భాషలో లేని పుస్తకం, ఒక సీడీ, అన్నీ భద్రంగా ఉంటాయి. ఆ సీడీతోనే నాకు పని పడింది.

మా కాక ఆ కెమెరాను 2004లో షార్జాలో కొన్నాడు. మినీ డీవీ రకం. అరచేతిలో ఇమిడే క్యాసెట్టు, ఒక్కోదానిలో గంట బొమ్మ. చూడ్డానికి టేపే గాని దాని మీద రాసి ఉన్నవి అంకెలు. గంట టేపును కంప్యూటర్‌లోకి దించితే దాదాపు 13 జీబీ అవుతుంది. అప్పట్లో 40 జీబీ డిస్కు ఉన్న కంప్యూటరే ఊళ్లో గొప్ప కాబట్టి ఎవరూ దించలేదు. కాక తీశాడు, క్యాసెట్టు మీద స్కెచ్ పెన్నుతో పేరు రాశాడు, సెలవు అయిపోగానే విమానం ఎక్కాడు.

ఇన్నేళ్లకు ఆ క్యాసెట్లు గుర్తుకు రావడానికి కారణం శక్కర్‌నగర్. కాక పెద్దబిడ్డను బోధన్‌లో ఇచ్చారు. పెళ్లి శక్కర్‌నగర్‌లో, ఫ్యాక్టరీ క్వార్టర్ల దగ్గరే జరిగింది, వియ్యంకుడు నిజాం షుగర్స్‌లో పనిచేసినవాడు. నిజాం సర్కారు 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. తెరిపిస్తామనే మాట మాత్రం ప్రతి ఎన్నికలకూ క్రషింగ్ సీజన్‌లా వచ్చిపోతుంటుంది. మొన్న ఒక ఒడిబియ్యం ఫంక్షన్‌లో ఆ పెద్దమనిషి, "ఫ్యాక్టరీ నడుస్తున్నప్పటి బొమ్మ ఒక్కటన్న నా తాన లేదు బావా" అన్నాడు. నలుగురిలో ఆ మాట వింటే మా కాక ఊరుకునే రకమా?

"నా దగ్గరున్నది. పెండ్లినాడు తీసిన. పొగతోని సహా."

మాట ఇచ్చింది కాక, నిలబెట్టాల్సింది నేను. మా ఇంట్లో తెలుగులో వాట్సాప్ టైపు చేయగలిగిన ప్రతివాడూ కంప్యూటర్ ఇంజనీరే.

ముందు కెమెరా సంగతి చెప్పాలి. అది బతికే ఉంది. చార్జింగ్ ఎక్కింది, క్యాసెట్టు గుర్రుమంటూ తిరిగింది. చిన్న తెర మాత్రం ఎప్పుడో నల్లబడిపోయింది. టీవీకి కలుపుదామంటే ఆ వైరు లేదు, ఉన్నా కొత్త టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు బొక్కలు లేవు. కాబట్టి దారి కంప్యూటరే. కాక కొడుకు పంపిన లాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటే లేదు. పక్కింట్లోంచి బయటి సీడీ డ్రైవు అడిగి తెచ్చి తిప్పితే విండోస్ 11 ఒక్క ముక్కలో తేల్చేసింది: ఈ యాప్ మీ పీసీలో నడవదు.

డబ్బా మీద విండోస్ 98, ఎంఈ, 2000, ఎక్స్‌పీ అని రాసి ఉంది. ఆ నలుగురిలో ఎవరూ ఇప్పుడు ఉద్యోగంలో లేరు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే వీడ్కోలు పలికారు. పైగా ఆ కాలపు సీడీల్లో ప్రోగ్రామ్ 32 బిట్‌ది అయినా, దాన్ని ఎక్కించే సెటప్ తరచూ 16 బిట్‌దిగా ఉండేది. 64 బిట్ విండోస్‌కు 16 బిట్ మాటే వినపడదు. విండోస్ 11 అయితే 64 బిట్‌లో తప్ప రానే రాదు. ఇదంతా కాకకు వివరించాను. శ్రద్ధగా విని, "కెమెరా దుబాయిది రా, చైనాది కాదు" అన్నాడు.

కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాం. పేరెందుకు గాని, అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. "సర్, ఈ మోడల్‌కు సపోర్ట్ నిలిపేశాం, కొత్త మోడళ్ల మీద ఆఫర్ ఉంది" అంది. కాక ఫోన్ లాక్కున్నాడు. "కొత్త కెమెరాల పాత పెండ్లి వస్తదా అమ్మా?" ఆమె ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది.

ఆర్మూర్‌లో కంప్యూటర్లు బాగుచేసే పిల్లగాడి దగ్గరికి పోయాం. వాడు కెమెరా వైపు చూడలేదు, సీడీ వైపు చూడలేదు. "ఫార్మాట్ కొడదామా అన్నా?" అన్నాడు. మా జిల్లాలో అన్ని కంప్యూటర్ రోగాలకూ అదే మందు, తలనొప్పికి కూడా తల తీసేసి కొత్తది ఎక్కిస్తారు. దండం పెట్టి బయటపడ్డాం.

తర్వాత నేనే కంపాటిబిలిటీ మోడ్ పట్టుకున్నాను. సెటప్‌ను వదిలేసి నేరుగా ప్రోగ్రామ్ మీదే రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోకి పోయి, 'విండోస్ ఎక్స్‌పీ' అని టిక్కు పెట్టడమే. ఇంకా నిజాం జమానానే నడుస్తుందని ముసలాయనను నమ్మించి ఇల్లు కదిలించే ఉపాయం అది. ముసలాయన నమ్మాడు కూడా. లేచి, టోపీ పెట్టుకుని, గడప దాకా వచ్చాడు. గడప దగ్గర డ్రైవర్ అడ్డం పడింది. ప్రోగ్రామ్‌కు అబద్ధం చెప్పొచ్చు గాని డ్రైవర్‌కు చెప్పలేం. అది విండోస్ గుండెకాయలో కూర్చుని పనిచేసేది. 64 బిట్ విస్టా కాలం నుంచే సరైన డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ను లోపలికి అడుగు పెట్టనివ్వడం లేదు. కాక డ్రైవర్‌కు సంతకం లేదు. మండల ఆఫీసు చుట్టూ తిరిగిన ప్రాణాలు మావి, సంతకం లేక పని ఆగిందంటే కాక ఇట్టే అర్థం చేసుకున్నాడు. "ఎంతిస్తే పెడ్తరట?" అని మెల్లగా అడిగాడు.

ఇక మిగిలింది విండోస్ 11 లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటర్ పుట్టించి దానిలో ఎక్స్‌పీ ఎక్కించడం. ఎక్కింది. ఆ పచ్చటి గుట్ట, నీలాకాశం తెర మీదికి రాగానే కాక కుర్చీలోంచి లేచాడు. "గిదే రా, గిదే కంప్యూటర్! గిది ఇన్ని దినాలు యాడ దాచిండ్రు?" ఆ గుట్ట కాలిఫోర్నియాలో సొనోమా దగ్గరిదని, చార్ల్స్ ఓరియర్ అనే ఆయన 1996లో ఫిల్మ్ కెమెరాతో కొట్టిన ఫోటో అని చెప్పాను. కాక నమ్మలేదు. షార్జా ఆఫీసులో రోజూ చూసిన గుట్ట అమెరికాలో ఎట్లా ఉంటుందని ఆయన పాయింటు. సీడీ కూడా మారుమాట్లాడకుండా ఎక్కింది. ప్రోగ్రామ్ తెరుచుకుని, కెమెరా కలపమంది. కెమెరా కలపడానికి కావాల్సింది ఫైర్‌వైర్ అనే పాత రకం కనెక్షన్. ఆ ఉత్తుత్తి కంప్యూటర్‌కు యూఎస్‌బీ అందించొచ్చు గాని ఫైర్‌వైర్ అందించలేం. ఇల్లు కట్టాం, సున్నం వేశాం, తలుపు పెట్టలేదు.

ఫైర్‌వైర్ గురించి ఒక మాట చెప్పి తీరాలి. 1394 అనే నంబరుతో 1995లో ప్రమాణంగా ఖరారైంది. ఆ తరం డీవీ కెమెరాలు టేపు మీది అంకెను అంకెలాగే, ఒక్కటి కూడా రాలిపోకుండా కంప్యూటర్‌కు అప్పజెప్పింది దాని మీదనే. దాన్ని పెంచి పెద్దచేసిన ఆపిలే 2025లో టహో అనే మ్యాక్ ఓఎస్‌తో చేతులు దులుపుకుంది. అదే లినక్స్‌లో అయితే తకాషి సకమోతో అనే జపానాయన 2029 దాకా ఫైర్‌వైర్ బాగోగులు నేను చూసుకుంటానని మాటిచ్చాడు. ఏ లాభమూ లేకుండా ఒకడు పరాయి దేశాల పెళ్లి క్యాసెట్ల కోసం అన్నేళ్ల బాధ్యత నెత్తికెత్తుకోవడం చూస్తే, ఆయనకూ మా కాకలాంటి కాక ఎవరో ఉండి ఉంటాడని నా అనుమానం.

మన సికింద్రాబాద్‌లో ఫోటో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్‌కు ఈ గొడవ లేదు. ఆరో నిజాం ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చిన ఆ మహానుభావుడు 1905లో పోయాడు. ఆయన గాజు నెగెటివ్‌లు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. వెలుతురుకు పట్టుకుంటే ఈరోజుకూ బొమ్మ కనిపిస్తుంది. సూర్యుడికి ఏ కంపెనీ సపోర్ట్ ఆపలేదు.

సరే, లాప్‌టాప్‌ను పక్కన పెట్టి నా డెస్క్‌టాప్ మూత విప్పాం. ఫైర్‌వైర్ కార్డు సికింద్రాబాద్ సీటీసీలో దొరికింది. కెమెరా వైపు నాలుగు పిన్నులు, కార్డు వైపు ఆరు పిన్నులు ఉండే వైరు మాత్రం కోఠి గుజరాతీ గల్లీలో దుమ్ము దులిపి ఇచ్చారు. దుకాణదారు దాన్ని కాగితంలో చుడుతూ నన్ను జాలిగా చూశాడు. విండోస్‌లో ఈ 1394కు ఒకప్పుడు రెండు డ్రైవర్లు ఉండేవి, కొత్తదొకటి, 'లెగసీ' అనే పాతదొకటి. విండోస్ 8తో పాతదాన్ని తీసేసినా, కావాల్సినవాళ్లు దించుకునేలా మైక్రోసాఫ్ట్ దాన్ని విడిగా పెట్టింది. సంతకంతో సహా! డివైస్ మేనేజర్‌లో కొత్తదాన్ని పక్కకు జరిపి పాతదాన్ని కూర్చోబెట్టగానే కెమెరా పేరు తెర మీద తేలింది. కాక సీడీ ఇక అక్కర్లేదు. విన్‌డీవీ అని ఒక చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దాన్ని ముట్టుకున్నవాడు లేక ఇరవయ్యేళ్లయింది, ఎక్కించే పని కూడా లేదు, ఫైలు మీద నొక్కితే నడుస్తుంది. రంగు రంగుల బటన్లతో పెద్ద కంపెనీ ఇచ్చిన ప్రోగ్రామ్ సచ్చింది, బూడిదరంగు బటన్ల ఈ పిట్ట బతికింది.

టేపుకు తొందర ఉండదు. గంట క్యాసెట్టు దిగడానికి గంట పడుతుంది, ముందుకు ఉరికిస్తామంటే కుదరదు. వియ్యంకుడు బోధన్ నుంచి కారు కట్టించుకుని వచ్చాడు. చిన్నమ్మ అందరికీ సర్వపిండి, చాయ్ పెట్టింది. 'పెండ్లి, శక్కర్‌నగర్' అని రాసి ఉన్న క్యాసెట్టు తిరిగింది.

మొదట మట్టి కనిపించింది. తర్వాత కాక చెప్పులు. చెప్పులు నడుస్తున్నాయి. కాక గొంతు: "ఆగుండ్రి, తీస్తున్న. నవ్వుండ్రి." టక్కున ఆగిపోయింది. మళ్లీ మట్టి. మళ్లీ చెప్పులు, ఈసారి వేరేవాళ్లవి. "గిప్పుడు ఫ్యాక్టరీ తీస్తున్న, అందరు పక్కకు జరగుండ్రి." టక్.

ఎర్రబొట్టు బటన్ మొదటిసారి నొక్కితే తీయడం మొదలవుతుంది, రెండోసారి నొక్కితే ఆగుతుంది. కాక ఆరోజు ఎక్కడో ఒక్క నొక్కు ముందున్నాడు. తీస్తున్నానని అనుకున్నదంతా తీయలేదు, ఆపేశానని చేయి కిందికి వేలాడేసి తిరిగిందంతా నిక్షేపంగా తీశాడు. పొగ లేదు, చిమ్నీ లేదు. కాకపోతే ఒకచోట ఎవరివో బూట్ల మీద షిఫ్టు సైరన్ నిండుగా వినిపించింది. వియ్యంకుడు చాయ్ గ్లాసు కింద పెట్టి, "మల్ల ఒకసారి పెట్టు" అన్నాడు. పెట్టాను. "గిది రెండు గంటల సైరన్" అన్నాడు. ఆయన దాన్ని నాలుగైదుసార్లు పెట్టించుకుని ఫోన్‌లోకి ఎక్కించుకున్నాడు. ఇప్పుడు ఆయనకు ఫోన్ చేస్తే అదే మోగుతుంది, క్వార్టర్లలో కొందరు పాతవాళ్లు ఉలిక్కిపడి టైము చూసుకుంటున్నారట.

మిగతావాళ్లం కాళ్లను బట్టి మనుషులను గుర్తుపట్టే పనిలో పడ్డాం. పారాణిని బట్టి పెళ్లికూతురు, పగుళ్లను బట్టి మా నాయనమ్మ. ఇంతలో చిన్నమ్మ "ఆపు!" అని కేకేసింది. తెర మీద బంగారు రంగు పట్టీల లేడీస్ చెప్పులు, కాక షార్జా నుంచి తెస్తే ఆమె ఒక్కపూట తొడిగి, పెళ్లి పందిరి బయట విడిచి, మళ్లీ చూడనివి. వాటిలోని కాళ్లు చిన్నమ్మవి కావు. కాలివేలికి ఉన్న మూడు చుట్ల మట్టెను బట్టి అందరమూ ఒకే పేరు చెప్పాం. మగపెళ్లివారి తరఫు ఆవిడ, ఇప్పుడు కోరుట్లలో ఉంటుంది. చిన్నమ్మ అప్పటికప్పుడు బొమ్మను ఫోన్‌లో పంపి, స్పీకర్ పెట్టి మరీ ఫోన్ చేసింది.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆవిడ నిమ్మళంగా అంది: "వదినా, గిదంత ఏఐ. గిప్పుడు ఎవలి కాళ్లకైన ఎవలి చెప్పులైన తొడుగుతున్నరు. నేనైతె నమ్మ."